బద్దెపురుగులన్నీ ఒక్కటి కావు

కడుపులో పురుగులు అనగానే మన ప్రాంతంలో వినవచ్చే మాట ఒక్కటే: నట్టలు. గొర్రెకు పడినా నట్టలే, పసివానికి పడినా నట్టలే. బీర్పూర్ చుట్టుపక్కల పల్లెలలోనే కాదు, జగిత్యాల మొదలు కోరుట్ల, సిరిసిల్ల వరకు ఇదే వాడుక. పేరు ఒక్కటే అయినందువలన కాబోలు, వైద్యం కూడా ఒక్కటే అయినది. వాయువిడంగాల పొడిని బెల్లంతో కలిపి మూడు రోజులు మింగించడం, నాలుగవ రోజున ఆముదం పట్టించడం. నులిపురుగులకు, ఏలికపాములకు ఈ పద్ధతి కొంత మేలు చేయగలదని నేనూ అంగీకరిస్తాను. కాని బద్దెపురుగు సంగతి వేరు. మనిషిని ఆశ్రయించే బద్దెపురుగులలో పలు జాతులు ఉన్నవి. వానిలో ఒకటి చికాకు కలిగించి ఊరుకుంటుంది. దానికి తోబుట్టువు వంటి మరొకటి మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పించగలదు. కంటికి మాత్రం రెండూ ఒకే తెల్లని నాడా వలె కనిపిస్తాయి. కనుక జాతి ఏదో తెలియకుండా మందు జోలికి పోరాదన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయం.

మన పూర్వులు ఆకార భేదాలను గమనించకపోలేదు. చరక సంహిత విమానస్థానంలోని ఏడవ అధ్యాయం క్రిములను 20 విధాలుగా లెక్కించి, అవి పుట్టే చోటును బట్టి నాలుగు తెగలు చేసినది. కఫజ క్రిములలో కొన్ని తెల్లగా వెడల్పైన తోలుపట్టీల వలె, కొన్ని వానపాముల వలె, మరికొన్ని సన్నని దారాల వలె ఉంటాయని అక్కడ చెప్పబడినది. తోలుపట్టీ వంటిది బద్దెపురుగు, వానపాము వంటిది ఏలికపాము అని పోల్చుకొనుటకు పెద్ద పాండిత్యం అక్కరలేదు. చికిత్సకు చరకుడు మూడు మెట్లు చెప్పినాడు: అపకర్షణము, ప్రకృతి విఘాతము, నిదాన పరివర్జనము. అనగా పురుగును బయటికి లాగివేయడం, అది పెరగడానికి అనువైన స్థితిని చెరచడం, అసలు కారణాన్ని విడిచిపెట్టడం. మొదటి రెండింటిని మనవారు నేటికీ పాటిస్తున్నారు. మూడవదానిని మాత్రం దాదాపు మరచిపోయినారు. బద్దెపురుగు విషయంలో ఆ మూడవ మెట్టే ప్రాణం వంటిది. అయితే కారణాన్ని విడిచిపెట్టాలంటే ముందు ఆ కారణమేదో తెలియాలి కదా! అది జాతికొక తీరుగా ఉంటుంది.

బద్దెపురుగుకు నోరు లేదు, ప్రేగు లేదు. మనం తిని జీర్ణం చేసికొన్న ఆహారసారాన్ని తన చర్మంతోనే పీల్చుకుంటుంది. గుండుసూది తలంత చిన్న తలతో ప్రేగు గోడను పట్టుకొని, ఆ తల వెనుక నుండి వెదురు బద్ద వలె చదునైన ఖండాలను ఒకదాని వెనుక ఒకటిగా పెంచుకుంటూ పోతుంది. చివరి ఖండాలు గుడ్లతో నిండి, తెగి, మలంతోపాటు బయటపడతాయి. తల ఒక్కటి మిగిలితే చాలు, మిగిలిన శరీరమంతా తెగిపోయినా మళ్ళీ పెరుగుతుంది. మూరెడు పురుగు పడిపోయినదని సంతోషించిన రోగి మూడు నెలలకు మరల అదే బాధతో రావడానికి కారణం ఇదే.

పశువు నుండి ఒకటి, పంది నుండి ఒకటి

ప్రధానమైనవి రెండు. గొడ్డుమాంసం ద్వారా వచ్చేదానిని టీనియా సాజినేటా అని, పందిమాంసం ద్వారా వచ్చేదానిని టీనియా సోలియం అని అంటారు. మొదటిది పొడవైనది, 10 మీటర్ల వరకు, అరుదుగా అంతకు మించి కూడా పెరుగుతుంది. దాని తలకు నాలుగు చూషకాలు మాత్రమే ఉంటాయి. రెండవది 2 నుండి 7 మీటర్ల పొడవు ఉంటుంది. దాని తలమీద చూషకాలతోపాటు రెండు వరుసల కొక్కేలు కూడా ఉంటాయి.

గొడ్డు జాతి కథ సరళమైనది. మనిషి మలంలోని గుడ్లు గడ్డిమీద పడతాయి. పశువు ఆ గడ్డి మేస్తుంది. గుడ్డులోని పిల్ల పశువు కండలో చేరి చిన్న నీటితిత్తి అవుతుంది. ఆ మాంసాన్ని సరిగా ఉడకకుండా తిన్న మనిషి ప్రేగులో ఆ తిత్తి విచ్చుకొని పురుగుగా మారుతుంది. అంతటితో చక్రం పూర్తి. కడుపు ఉబ్బరం, ఆకలి తారుమారు కావడం, ఖండాలు తమంతట తామే ప్రాకి బయటికి వచ్చి బట్టలలో కనిపించడం, వీటిని మించిన ఉపద్రవం సాధారణంగా ఉండదు. దీని గుడ్లు మనిషి కడుపులోకి పోయినా తిత్తులు కట్టవు.

పంది జాతి కథలో రెండు దారులు ఉన్నవి. మొదటిది పై విధమైనదే: తిత్తులున్న పందిమాంసాన్ని పచ్చిపచ్చిగా తిన్నవారికి ప్రేగులో పురుగు పడుతుంది. కుకెన్‌మైస్టర్ అనే జర్మన్ వైద్యుడు 1855లో మరణశిక్ష పడిన ఖైదీకి అతనికి తెలియకుండా ఈ తిత్తులను ఆహారంలో పెట్టి, శిక్ష అమలైన తరువాత శవపరీక్షలో ప్రేగులోని చిన్నచిన్న బద్దెపురుగులను చూపించినాడు. ఈనాడు ఎవ్వరూ సమ్మతించని ప్రయోగమది.

రెండవ దారి మాంసానికి సంబంధించినది కానే కాదు. పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, నీటి ద్వారా, కడగని కొత్తిమీర, ముల్లంగి వంటి వాని ద్వారా మరొక మనిషి నోటిలోకి పోయినప్పుడు, పందిలో ఏమి జరుగుతుందో ఆ మనిషిలోనూ అదే జరుగుతుంది. గుడ్డులోని పిల్ల ప్రేగు గోడను చీల్చుకొని, రక్తంలో పయనించి కండలో, కంటిలో, మెదడులో తిత్తి కడుతుంది. పురుగు ఉన్న మనిషి తన చేతిగోళ్ళ నుండి తన నోటిలోకే గుడ్లను పంపుకోవచ్చు. అతడు వండి వడ్డిస్తే ఇంటివారందరికీ ఆ ప్రమాదం ఉంటుంది. వారు జన్మలో మాంసం ముట్టనివారైనా సరే.

గొర్రెల కాపరులకు ఈ విషయం చెప్పడానికి నాకు ఒక సులువైన ఉపాయం దొరికినది. మందలో ఒక్కొక్కప్పుడు ఒక గొర్రె తల ఒక ప్రక్కకు వాల్చి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ, చివరకు పడిపోతుంది. దాని పుర్రెను తెరిస్తే మెదడులో నీటిబుడ్డ కనిపిస్తుంది. ఇది కాపరులు కన్నులార చూచిన విషయమే. ఆ బుడ్డ కుక్క కడుపులోని ఒక బద్దెపురుగు గుడ్డు వలన వచ్చినది. కుక్క విసర్జించిన గుడ్లను గొర్రె గడ్డితో మేసినది. “కుక్క స్థానంలో మనిషిని, గొర్రె స్థానంలో అతని ఇంటివారిని పెట్టి చూడండి” అంటే వారికి ఇక వేరే వివరణ అక్కరలేదు.

మూర్ఛకు, బద్దెపురుగుకు సంబంధం

మెదడులోని తిత్తి బ్రతికి ఉన్నంతకాలం తరచుగా ఏ లక్షణమూ చూపదు. అది చావనారంభించినప్పుడే చుట్టూ వాపు పుట్టి మూర్ఛలు మొదలవుతాయి. ఈ మధ్యకాలం కొన్ని నెలలు కావచ్చు, ఏళ్ళూ కావచ్చు. మన దేశంలో పనిచేసి ఇంగ్లండుకు తిరిగిపోయిన ఆంగ్ల సైనికులలో కొందరికి ఆ తరువాత ఫిట్లు రావడం 1930 దశకంలో అక్కడి సైనిక వైద్యుల దృష్టికి వచ్చినది. డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే వైద్యులు అటువంటి 450 మంది చరిత్రలను 1961లో ప్రచురించినారు. కొందరికి తొలి మూర్ఛ రావడానికి ఇరవై ఏళ్ళు దాటినది కూడా.

మన తెలుగువారు, అందులోనూ చిత్తూరు ప్రాంతంవారు, జబ్బు ముదిరితే పోయే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే ఈ విషయంలో గొప్ప పని జరిగినది. సీటీ స్కాన్ వచ్చిన కొత్తలో, ఫిట్లు వచ్చిన పిల్లల మెదడులో ఒక్క చిన్న మచ్చ కనిపిస్తే దానిని క్షయ గడ్డగా భావించి నెలల తరబడి క్షయ మందులు ఇచ్చేవారు. డాక్టర్ చాందీ, డాక్టర్ వేదాంతం రాజశేఖర్ మొదలైన వెల్లూరు శస్త్రవైద్యులు అటువంటి మచ్చలను తీసి పరీక్షించి, వానిలో అధికభాగం చచ్చిపోతున్న బద్దెపురుగు తిత్తులేనని 1990 ప్రాంతంలో చూపించినారు. ఆ చిన్న మచ్చలలో అనేకం ఫిట్ల మందు మాత్రమే వాడుతుండగా తమంతట తామే మానిపోతాయి. ఎందరు పసివారికి అక్కరలేని క్షయ మందులు తప్పినవో! వెల్లూరు జిల్లాలో ఆ తరువాత జరిపి 2006లో ప్రకటించిన పరిశీలనలో, మూర్ఛవ్యాధి ఉన్నవారిలో సుమారు మూడవ వంతు మందికి మెదడులోని ఈ తిత్తులే కారణమని తేలినది.

మాంసం తినని ఇంటిలో ఇది ఎట్లా వస్తుందని అడిగేవారికి న్యూయార్క్ నగరపు ఉదాహరణ చాలును. అక్కడి బ్రూక్లిన్‌లో మతనిష్ఠ గల యూదు కుటుంబాలలో కొందరికి ఫిట్లు వచ్చి, పరీక్షలో మెదడు తిత్తులు బయటపడినవి. వారు పందిమాంసాన్ని మతరీత్యా తాకరు. విచారించగా, ఈ వ్యాధి విస్తారంగా ఉన్న దేశాల నుండి వచ్చి వారి ఇళ్ళలో పనిచేస్తున్నవారిలో ఒకరికి బద్దెపురుగు ఉన్నట్లు తేలినది. ఈ సంగతి 1992లో వైద్యపత్రికలలో ప్రకటితమైనది. దీనిలో పనివారి దోషమేమీ లేదు. పురుగు ఉన్నట్లు వారికే తెలియదు.

మన పల్లెలలో ఫిట్లు వచ్చినవారిని గాలి సోకినదని భూతవైద్యుని వద్దకు తీసికొనిపోవడం, చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, చెప్పు వాసన చూపించడం ఇంకా పూర్తిగా పోలేదు. ఆడపిల్లకైతే ఈ మాట బయటికి పొక్కకుండా దాచిపెట్టి, మందు కూడా ఇప్పించకుండా పెళ్ళి చేస్తారు. ఆ దాపరికం వలన జరిగే కీడును నేను పలుమార్లు చూచినాను. ఫిట్ వచ్చినప్పుడు రోగిని ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసి, నోటిలో నీరు గాని, ఇనుము గాని, మరేమీ పెట్టక ఉండవలెను. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. పెద్దవయస్సులో తొలిసారి ఫిట్ వచ్చినవారికి మెదడు స్కాన్ తప్పనిసరి. ఇది ఏ మూలికతోనూ తేల్చుకోదగిన విషయం కాదు.

జాతిని గుర్తించడం ఎట్లు?

ఖండం కనిపించినప్పుడు దానిని తీసి పారవేయరాదు. చేతితో తాకక పుల్లతో తీసి, మూత బిగువుగా ఉండే సీసాలో ఉప్పునీటిలో వేసి, పరీక్షశాలకు పంపవలెను. తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. మలంలో కనిపించే గుడ్లను చూచి ఈ రెండు జాతులను వేరు చేయడం సాధ్యం కాదు. సూక్ష్మదర్శినిలో అవి ఒకే విధంగా ఉంటాయి. కాబట్టి ‘టీనియా గుడ్లు ఉన్నవి’ అని వచ్చిన నివేదికతో సగం సమాధానమే దొరికినట్లు. ఖండాన్ని రెండు గాజుపలకల నడుమ నొక్కి చూస్తే మధ్యలో గర్భాశయపు కొమ్మలు కనిపిస్తాయి. ఒక్కొక్క వైపున ఆ కొమ్మలు 7 నుండి 13 వరకు ఉంటే పంది జాతి, 15కు మించితే గొడ్డు జాతి. ఇంటివద్ద గమనించదగిన గుర్తు ఒకటి ఉన్నది. గొడ్డు జాతి ఖండాలు విడివిడిగా, చురుకుగా ప్రాకుతూ, మలవిసర్జన లేని సమయంలో కూడా వస్తాయి. పంది జాతి ఖండాలు నాలుగైదు కలిసి గొలుసుగా, మందకొడిగా, మలంతోనే పడతాయి. ఇది సూచన మాత్రమే. నిర్ణయం పరీక్షశాలదే.

మూడవ సోదరి టీనియా ఏసియాటికా. పంది కాలేయాన్ని పచ్చిగా తినే తూర్పు ఆసియా ప్రాంతాలలో ఉన్నది. రూపంలో గొడ్డు జాతిని పోలి, వచ్చే దారిలో పంది జాతిని పోలిన దీనిని కొరియా శాస్త్రజ్ఞులు 1993లో వేరు జాతిగా వర్ణించినారు. చేప ద్వారా వచ్చే బద్దెపురుగు మరొకటి. అది బి12 విటమిన్‌ను కాజేసి పాండురోగం తెస్తుంది. గోదావరి చేపను పులుసులో ఉడికించి తినే మనకు దానితో పని లేదు. అమెరికాలో పచ్చి చేపకు అలవాటు పడిన మన పిల్లలు మాత్రం తెలిసి ఉండడం మంచిది.

పిల్లలలో ఎక్కువగా కనిపించేది మరుగుజ్జు బద్దెపురుగు, హైమనోలెపిస్ నానా. రెండు నుండి నాలుగు సెంటీమీటర్లే ఉంటుంది. ప్రపంచంలో మనుష్యులకు అత్యధికంగా పడే బద్దెపురుగు ఇదే. దీనికి పంది, పశువు ఏదీ అక్కరలేదు. ఒక పిల్లవాని చేతి నుండి మరొక పిల్లవాని నోటికి నేరుగా చేరుతుంది. వసతి గృహాలలో ఒకరికి ఉంటే పదిమందికి ఉండడం ఇందువలననే. మలంలో కంటికి ఏమీ కనిపించదు. ఆకలి మందగించడం, కడుపునొప్పి, చిరాకు మాత్రమే ఉంటాయి. కుక్క ఒంటిమీద దూకుతూ తిరిగే చిన్న పురుగులను పొరపాటున మింగిన పసివారికి మరొక జాతి పడుతుంది. దాని ఖండాలు దోసగింజల వలె ఉంటాయి. ఇది భయపడదగినది కాదు.

మన ప్రాంతానికి ముఖ్యమైనది ఇంకొకటి మిగిలినది. ఎకినోకాకస్ అనే ఈ పురుగు కుక్క ప్రేగులో ఉంటుంది. పొడవు అర సెంటీమీటరు మించడం అరుదు. దీని గుడ్లు మనిషి కడుపులోకి పోతే కాలేయంలోనో ఊపిరితిత్తులలోనో నీటితిత్తి కట్టి, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగి, కొబ్బరికాయంత కాగలదు. గొర్రెను కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తులలో నీటిబుడ్డలు కనిపిస్తే ‘ఇది పనికిరాదు’ అని ప్రక్కన కాచుకొని ఉన్న కుక్కకు విసరివేయడం మన ఊళ్ళలో నిత్యం చూచేదే. జాతరలలో, పండుగలలో మరీ ఎక్కువ. ఆ విసరిన ముక్కతోనే కుక్కకు పురుగు పడుతుంది. ఆ కుక్క నుండి మరల గొర్రెకు, కాపరికి, కాపరి పిల్లలకు చేరుతుంది. గొర్రెలకు ఏటా నట్టల మందు పోయిస్తున్నాము కదా అని కొందరంటారు. ఆ మందు గొర్రె కాలేయంలోని బుడ్డను పోగొట్టదు, కుక్క ప్రేగును శుభ్రం చేయదు. బుడ్డలున్న భాగాన్ని కాల్చివేయడం గాని, కుక్కలు త్రవ్వలేనంత లోతుగా పాతిపెట్టడం గాని చేయవలెను. మంద కుక్కకు పశువైద్యునితో పురుగుల మందు ఇప్పించవలెను. మనిషి కాలేయంలో తిత్తి ఉన్నప్పుడు పొట్టను పిసికి మర్దన చేయించడం చాలా ప్రమాదకరం. తిత్తి పగిలితే ఆ ద్రవం వలన క్షణాలలో ప్రాణాపాయం కలుగవచ్చును.

ఔషధముల విషయం

వాయువిడంగాలు, మోదుగ గింజలు, కంపిల్లకము, దానిమ్మ వేరు పట్ట, గుమ్మడి గింజలు మన వైద్యంలో బద్దెపురుగుకు ప్రసిద్ధములు. దానిమ్మ వేరు పట్టను మనవారు ఇందుకు వాడడం చూచి 19వ శతాబ్ది ఆరంభంలో బుకానన్ అనే వైద్యుడు ఐరోపావారి దృష్టికి తెచ్చినాడు. తరువాత చాలాకాలం అక్కడి ఔషధ గ్రంథాలలో కూడా దానికి స్థానం ఉండినది. అయితే మోతాదు మించితే తల తిరుగుట, చూపు మసకబారుట కలుగును. దానిని ఇంటివద్ద సొంతంగా కషాయం కాచుకొని త్రాగరాదని నా సలహా. వాయువిడంగాలను గర్భిణులు, సంతానం కోరే స్త్రీలు వాడరాదు. పిప్పలి, వెలిగారములతో చేర్చి గర్భనిరోధానికి వాడే ద్రవ్యమది. గుమ్మడి గింజలను పొట్టు తీసి నూరి తేనెతో తినడం నిరపాయకరమే. పిల్లలకు కూడా పెట్టవచ్చును. కాని దానితో పురుగు తల తప్పక ఊడివస్తుందన్న హామీ నేను ఇవ్వలేను.

పంది జాతి అని తేలినా, ఏ జాతియో తేలకపోయినా, వాంతి చేయించే ఔషధాలను పూర్తిగా మానవలెను. గుడ్లతో నిండిన ఖండాలు జీర్ణాశయంలోకి ఎగదట్టుకొని వస్తే తిత్తులు కట్టవచ్చునన్న అనుమానం వైద్యులకు ఉన్నది. ప్రాజిక్వాంటెల్ మాత్ర ప్రేగులోని పురుగును ఒక్క మోతాదుతో చంపగలదు. కాని మెదడులో తెలియకుండా తిత్తులు ఉన్నవారికి అది ఫిట్లు తెప్పించవచ్చును. రక్తంలోకి దాదాపు చేరని నిక్లోసమైడ్ ఆ విషయంలో మేలు. ఎప్పుడైనా ఫిట్లు, మానని తలనొప్పి, చర్మం క్రింద బఠానీ గింజల వంటి గడ్డలు ఉన్నవారు ఆ సంగతిని వైద్యునికి ముందుగానే చెప్పవలెను. పాఠశాలలలో, అంగన్‌వాడీలలో 2015 నుండి నులిపురుగుల నిర్మూలన దినాన ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్ర ఏలికపాములకు, కొంకిపురుగులకు మంచిదే. ఆ ఒక్క మాత్రతో బద్దెపురుగు కూడా పోయినదని అనుకోరాదు.

ఇంటిలో ఒకరికి పంది జాతి పురుగు ఉన్నదని తెలిసినప్పుడు తక్కినవారందరికీ మలపరీక్ష చేయించవలెను. చికిత్స పూర్తి అయ్యే వరకు ఆ వ్యక్తి వంట చేయక, వడ్డించక ఉండుట మంచిది. మరుగుదొడ్డిని తప్పక వాడవలెను. మందు తీసికొన్న మూడు నెలల తరువాత మలాన్ని మరల పరీక్షించి, గుడ్లు గాని ఖండాలు గాని కనిపించకపోతేనే పురుగు తలతో సహా పోయినదని తెలిసికొనవలెను.